గేటు మధ్య పడని వేలు

అది 2008, నవంబరు నెల. అల్ ఖౌద్‌లో, సాయంత్రమైతే యూనివర్సిటీ విద్యార్థులు మూగే షవర్మా దుకాణాల వరుసలో మా పాలీక్లినిక్ ఉండేది. ఇద్దరు డాక్టర్లు, ఒక ఎక్స్‌రే గది, ఒక మందుల కొట్టు, మెట్లెక్కి కుడివైపు తిరిగితే నా ఫిజియోథెరపీ గది. నాది కాకినాడ. ఒమన్ వచ్చి అప్పటికి అయిదేళ్లు. డిగ్రీకి ఫ్రేము కట్టించి గోడకి తగిలించినా సరే, వచ్చిన ప్రతివాళ్లూ నన్ను ‘సిస్టర్’ అనే పిలిచేవారు. “సిస్టర్ కాదు బాబూ, ఫిజియోని” అని చెప్పీ చెప్పీ నా నోరు నొప్పెట్టింది తప్ప వాళ్లు మారలేదు.

ఫిజియో అంటే చెయ్యి పిసికి పంపించే మనిషని కొందరికి, కరెంటు పెట్టే మనిషని కొందరికి అభిప్రాయం. నిజానికి మా పనిలో సగం, రోగిని ముట్టుకోక ముందే అయిపోవాలి. దెబ్బ ఎప్పుడు తగిలింది, ఎలా తగిలింది, తగిలాక ఏం చేశారు అని అడిగి రాసుకోవడాన్ని ‘హిస్టరీ’ అంటాం. హిస్టరీ తప్పితే చికిత్స దారి తప్పుతుంది. ఈ ముక్క కాలేజీలో పరీక్షకి రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. బుర్రకెక్కింది మాత్రం రాజమల్లు వేలు చూశాక.

ముందు కెవిన్ గురించి చెప్పాలి. ఉత్తర ఇంగ్లాండులో ఒక బొగ్గుగని ఊరివాడు. వయసు యాభై దాటింది. మెడా భుజాలూ ఒకటైపోయి, మా గది తలుపులో పడతాడా అని అనుమానం వచ్చేంత మనిషి. కుర్రతనంలో రగ్బీ లీగ్ ఆడేవాడు. రగ్బీలో రెండు రకాలున్నాయని అతను చెప్పేదాకా నాకు తెలియదు. లీగ్‌లో జట్టుకి పదమూడు మంది. బంతి చంకన పెట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఎదుటి జట్టు పట్టి పడేయాలి. దాన్ని ‘ట్యాకిల్’ అంటారు. పడేశాక వెంటనే వదిలెయ్యాలి, వాడు లేచి మళ్లీ ఆడతాడు. అలా ఆరుసార్లు పడేస్తే బంతి చేతులు మారుతుంది. “ఇదేం ఆటండీ, దొమ్మీలా ఉంది” అన్నాను ఒకసారి. కెవిన్ పొట్ట పట్టుకుని నవ్వాడు.

వారమంతా గనిలో, వారం చివర మైదానంలో గడిచింది అతని యవ్వనం. తర్వాత మోకాళ్లు అరిగాయి, గని మూతపడింది. ఊరి క్లబ్బులో ముందు జెర్సీలు ఉతికాడు, తర్వాత గేటు దగ్గర టికెట్లు చించాడు, చివరికి సెక్రటరీ అయ్యాడు. పదిహేనేళ్లకే బడి మానేసినవాడు, నలభై ఏళ్ల వయసులో కూర్చుని ఆఫీసు ఉత్తరం రాయడం నేర్చుకున్నానని గర్వంగా చెప్పుకునేవాడు. అలా అలా సీబ్ అవతల, విదేశాల నుంచి వచ్చిన ఉద్యోగులు నడుపుకునే ఒక స్పోర్ట్స్ క్లబ్బుకి మేనేజరై వచ్చాడు. మైదానం నీళ్లు, జట్ల జాబితాలు, కమిటీ మీటింగులు, జట్టుకి శిక్షణ, శుక్రవారం ఆటలు, అన్నీ అతని నెత్తినే. పాత దెబ్బలకి భుజం పట్టేస్తే నా దగ్గరికి వచ్చేవాడు. ఆడా మగా తేడా లేకుండా అందర్నీ ‘లవ్’ అని పిలిచేవాడు. మొదటిరోజు ఆ మాటకి పళ్లు కొరికాను. వాళ్ల ఊళ్లో అది మన ‘అమ్మా, నాయనా’ లాంటిదట.

అప్పట్లో ఒమన్‌లో వారపు సెలవులు గురు, శుక్రవారాలు. ఒక శనివారం పొద్దున్నే కెవిన్ తన క్లబ్బు పనివాణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. అతనే రాజమల్లు. జగిత్యాల దగ్గరి పల్లె, ఇరవయ్యెనిమిదేళ్లుంటాయి. లేబర్ సప్లై కంపెనీ వీసా మీద వచ్చి, మొదట బహ్లాలో ఒక సైట్‌లో ఇనుప చువ్వలు కట్టే పని చేశాడు. ఏడాదిగా కంపెనీ అతన్ని ఈ క్లబ్బుకి పంపిస్తోంది. గడ్డి కొయ్యడం, నీళ్లు పెట్టడం, మైదానంలో సున్నపు గీతలు వెయ్యడం అతని డ్యూటీ. కుడిచేతి ఉంగరపు వేలు వాచి లావెక్కింది. కింద డాక్టరుగారు ఎక్స్‌రే తీసి, ‘గేటు మధ్య నలిగింది, ఎముక బాగుంది, బెణుకు’ అని చీటీ రాసి నా దగ్గరికి పంపారు.

“ఏమైంది?” అన్నాను.

“స్టోరు గేటు గాలికి విసురుగా మూసుకుంది లవ్. వేలు మధ్యలో పడింది” అన్నాడు కెవిన్.

నేను తెలుగులో అడిగాను. “గేటేనా రాజమల్లూ?”

అతను ఒకసారి కెవిన్ వైపు చూసి, “ఔ మేడం. గేట్ల వడ్డది” అన్నాడు.

వేలి మధ్య కణుపు పట్టుకుని, కొన వంచమన్నాను. వంగలేదు. “నొప్పికి వంగుతలేదు మేడం” అన్నాడు. అరచేయి నొక్కితే “అబ్బా, ఈడ గూడ నొస్తుంది” అని చెయ్యి లాక్కున్నాడు. గేటు వేలి మీద పడితే అరచేయి ఎందుకు నొప్పెట్టాలి? గేటు కొరికిన వేలికి గోరు నల్లబడాలి కదా, ఇతని గోరు ముత్యంలా ఎందుకుంది? ఈ రెండు ప్రశ్నలూ నేను వేసుకోవాలి. వేసుకోలేదు. బయట నలుగురు పేషెంట్లు కూర్చుని ఉన్నారు, చీటీలో డాక్టరుగారు రాసే ఉన్నారు, పక్కన మేనేజరు సాక్ష్యం చెబుతున్నాడు. పప్పులో కాలేశాను. వేలికి చిన్న బద్ద కట్టి, వారం తర్వాత రమ్మని పంపించేశాను.

వారం తిరిగింది. ఇద్దరూ మళ్లీ వచ్చారు. వాపు తీసింది, నొప్పి తగ్గింది. వేలి కొన మాత్రం వంగనంటే వంగనంది.

“నొప్పి లేదంటున్నావు, మరి వంచవేం?”

“నేను వంచుతనే ఉన్న మేడం. అదే వంగుతలేదు.”

ఏం చెయ్యాలో తోచక తల తిప్పాను. పక్క కుర్చీలో కెవిన్ పేపరు కప్పులో టీ తాగుతున్నాడు. మిగతా వేళ్లన్నీ కప్పు చుట్టూ ముడుచుకున్నాయి, కుడిచేతి ఉంగరపు వేలి కొన ఒక్కటీ కర్రపుల్లలా నిలబడి ఉంది. నాలుగు నెలలుగా ఈ మనిషి భుజం చూస్తున్నాను. చెయ్యి చూడనే లేదు.

“కప్పు పక్కన పెట్టి పిడికిలి బిగించండి” అన్నాను. బిగించాడు. మూడు వేళ్ల కొనలు లోపలికి వెళ్లాయి, ఉంగరపు వేలి కొన బయటే ఉంది. రాజమల్లునీ బిగించమన్నాను. అచ్చం అదే పిడికిలి. ఒకటి తెల్లది, ఒకటి నల్లది, అంతే తేడా.

“మీకు ఇది ఎలా అయింది?”

కెవిన్ మొహం వెలిగింది. ఆటగాళ్లకి పాత దెబ్బంటే మన ఆడవాళ్లకి పాత పట్టుచీర లాంటిది, అడిగితే చాలు విప్పి చూపిస్తారు. “ఇదా? ఇరవై రెండేళ్లప్పుడు. ఒకడు నన్ను తప్పించుకుని పరుగెడుతుంటే వెనకనుంచి జెర్సీ పట్టుకున్నాను. వాడు ఆగలేదు, వేలు అందులో చిక్కుకుంది. పక్క వేలికి టేపు చుట్టి ఆట పూర్తిచేశాను. నెల తర్వాత డాక్టరుకి చూపిస్తే టైం దాటిపోయిందన్నాడు. పోనిద్దూ, ఒక వేలే కదా...” అంటూ రాజమల్లు చేతివైపు చూశాడు. మాట ఆగిపోయింది. ఎర్రటి మొహం పాలిపోయింది.

“కెవిన్, గేటు ఎక్కడుంది?” అన్నాను.

“గేటు లేదు” అన్నాడు నెమ్మదిగా.

దాన్ని ‘జెర్సీ ఫింగర్’ అంటారు. వేలి కొనని వంచేది టెండన్ అనే సన్నటి తాడు. పరుగెత్తేవాడి చొక్కా పట్టుకుని వదలకపోతే, ఆ తాడు కొన ఎముక దగ్గర ఊడిపోతుంది. ఊడి, లంగా బొందు ఒక కొస లోపలికి జారిపోయినట్టు, అరచేతిలోకి వెళ్లి కూర్చుంటుంది. ఎక్స్‌రేలో కనబడదు. వారం, పది రోజుల్లోపు కోసి, బయటికి లాగి, మళ్లీ కుట్టాలి. ఆలస్యమైతే తాడు ముడుచుకుపోతుంది, ఇక అందదు. అప్పటికి ఎనిమిది రోజులు గడిచాయి. పార పట్టాలన్నా, సుత్తి పట్టాలన్నా, చువ్వలు కట్టే పటకారు నొక్కాలన్నా బిగింపంతా ఉంగరపు వేలూ చిటికెన వేలే ఇస్తాయి. రెక్కాడితేగాని డొక్కాడని మనిషి, అది కుడిచెయ్యి.

“ఏం జరిగిందో నువ్వు చెప్పు” అన్నాను రాజమల్లుతో, కాస్త గట్టిగానే.

“శుక్రవారం ఆటకు ఒక మనిషి తక్కువైండు మేడం. ఆడ్తవా అని సార్ అడిగిండు. మా ఊళ్లె నేను కబడ్డీ మంచిగ ఆడుతుంటి. ఇదిగూడ గసొంటిదే గదా, బాలున్న కబడ్డీ. ఎర్ర అంగీ ఆయన ఉరుకుతుంటే కాళ్లు అందలే, అంగీ దొరికింది. సార్ ‘లీవ్, లీవ్’ అని ఒర్రిండు. గాని కబడ్డీల కూత ఆగకముందే పట్టు ఇడిస్తే మావోళ్లు మందిల ఇజ్జత్ తీస్తరు. నేను ఇడువలే. వేలు టప్పుమన్నది.”

ఇదంతా విని నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక ఆటలో నేర్చుకున్న పట్టుదల ఇంకో ఆటలో వేలు తీసింది. అక్కడితో ఆగినా బాగుండేది. కెవిన్ తన పాత అలవాటుగా టేపు చుట్టి ఆట ముగిసేదాకా ఆడించాడు.

“మరి ఈ గేటు కథ ఎవరు అల్లారు?”

“నేనే” అన్నాడు కెవిన్. వాళ్ల ఊళ్లో అది ఆచారమట. శనివారం ఆటలో కాలు విరిగితే, పంటి బిగువున ఓర్చుకుని సోమవారం గనిలోకి దిగి, అక్కడ పడ్డట్టు చెప్పేవారట. గనిలో దెబ్బయితే వైద్యం గని చూస్తుంది, ఆటలో దెబ్బయితే ఎవరికీ పట్టదు. “మా సెక్రటరీయే నేర్పేవాడు. అందరం అలాగే బతికాం లవ్. రాజ్‌కి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.”

నాకు ఒళ్లు మండిపోయింది. “మేలా? గేటు అని రాస్తే గేటుకే మందిస్తాం. డాక్టరుగారూ నేనూ వారం రోజులు లేని గేటుకి వైద్యం చేశాం!” అని అరిచాను. అరిచానే గాని, తిలా పాపం తలా పిడికెడు. గోరు చూసి కూడా ఊరుకున్నదాన్ని నేను.

చీటీ మార్చి రాయబోతుంటే రాజమల్లు లేచి నా చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. “వద్దు మేడం, మీ కాళ్లు మొక్కుత. గేటనే ఉండనీయుండ్రి. ఆట అని రాస్తే కంపెనీ నన్ను ఊరికి తోల్తది.”

అతని భయం ఉత్త భయం కాదు. లేబర్ క్యాంపులో అందరికీ నోటికొచ్చిన సూత్రమది. డ్యూటీలో దెబ్బయితే ఆసుపత్రి, డ్యూటీ బయట దెబ్బయితే ఇంటికి టికెట్.

“చెయ్యి పోతుంది నాయనా!”

“నౌకరి ఉంటే ఈ చేత్తోనే ఎట్లనో చేసుకుంట. నౌకరే పోతే మంచి చెయ్యి పెట్టుకొని ఏం జేసుకోవాలె మేడం?”

గేటు అనే ఉంచితే, గేటుకి నలిగితే తాడు ఊడదు కదా, బెణుకుకి ఆపరేషనేమిటని ఆసుపత్రివాళ్లు మామూలు వరసలో నెలకో, రెండు నెలలకో తేదీ ఇస్తారు. ఆట అని రాస్తే రెండ్రోజుల్లో ఆపరేషన్ బల్ల ఎక్కిస్తారు, కంపెనీ ఒప్పుకోలు ఉత్తరం ఉంటే. ఆట అని తెలిస్తే ఆ ఉత్తరం కంపెనీ ఎందుకిస్తుంది? కెవిన్‌కి ఇదంతా ఇంగ్లీషులో చెప్పాను. అతను కాగితం అడిగాడు.

ఆ వంగని వేలితోనే పెన్ను పట్టుకుని, ఒక్కో అక్షరం ఒత్తి ఒత్తి రాశాడు. రాసి నాకు చదివి వినిపించాడు. ‘శుక్రవారం మా జట్టులో పన్నెండు మందే ఉన్నారు. పదమూడోవాడిగా రాజమల్లుని ఆడమన్నది నేను. అప్పుడతను డ్యూటీలో ఉన్నాడు. మేనేజరు అడిగితే కాదనే వీలు అతనికి లేదు. దెబ్బ తగిలాక టేపు చుట్టి ఆడించింది నేను. గేటు అని చెప్పమన్నదీ నేనే. సభ్యులు కానివాళ్లు ఆడకూడదన్న క్లబ్బు నిబంధనని నేను తప్పాను.’

తెలుగులో చెబితే రాజమల్లు గాబరాపడ్డాడు. “గట్లెట్ల మేడం? సార్ ఊకె అడిగిండంతే. నాకే ఆడబుద్ధయింది. సార్ నౌకరి పోతది గదా!”

కెవిన్‌కి ఆ మాట చేరవేశాను. “అతనికి ఆడాలనే ఉండొచ్చు. కానీ అడిగినవాడి చేతిలో అతని డ్యూటీ షీటు ఉంది. అడిగానని నేననుకుంటాను, అతనికి మాత్రం అది ఆర్డరే. పైగా ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు, చూసుకో” అన్నాడు.

నిజమే. అప్పటిదాకా మేము ముగ్గురం నిజమైనా ఉండాలి, నౌకరీ అయినా ఉండాలి, రెండూ కుదరవనే అనుకున్నాం. తప్పు తన మీద వేసుకునే మనిషి ఒకడుంటే రెండూ కుదురుతాయని ఆ ఉత్తరం చూశాకే తెలిసింది. డాక్టరుగారిని పైకి పిలిచి జరిగింది చెప్పాను. ఆయన చెయ్యి చూసి నాలిక కరుచుకుని, మస్కట్ పెద్దాసుపత్రికి అప్పటికప్పుడు అర్జంటు అని కొత్త చీటీ రాశారు.

ఆదివారం పొద్దున కెవిన్ తనే ఆ ఉత్తరం పట్టుకుని కంపెనీ ఆఫీసుకి వెళ్లి కూర్చున్నాడు. మేనేజరు సంతకంతో డ్యూటీ అని స్పష్టంగా ఉండేసరికి వాళ్లు గొణుక్కుంటూనే ముద్ర వేశారు. సోమవారం ఆపరేషన్ జరిగింది. సాయంత్రం సర్జను నాకు ఫోన్ చేశాడు. “తాడు అరచేతిలో దొరికింది, కుట్టేశాను. ఇంకొన్ని రోజులు ఆగుంటే నేను వెతికేవాణ్ణే కాదు. ఇక మీ వంతు.” నా తప్పు నన్ను ఒక్క వెంట్రుకవాసిలో వదిలేసింది.

నా వంతు మూడు నెలలు. మణికట్టు వంచి వెనకనుంచి బద్ద కట్టాలి. ఎడం చేత్తో కుడి వేలిని మెల్లగా వంచాలి, అంతే. మొదటి ఆరు వారాలు ఆ చేత్తో దేన్నీ పట్టుకోకూడదు, పట్టుకుంటే కుట్టు తెగుతుంది. పట్టు వదలడం ఇజ్జత్ తక్కువ అని పెరిగిన మనిషికి పట్టుకోవద్దని నేర్పడం ఎంత కష్టమో నాకే తెలుసు. నాలుగోవారం ఆ చేత్తో నీళ్ల బకెట్ ఎత్తాడని కెవిన్ నోట వినేసరికి, పేషెంట్లందరి ముందూ దులిపేశాను. “నీకు బుద్ధుందా? తాడు తెగితే మళ్లీ ఎవడు కుడతాడు, మీ కబడ్డీ కోచా?” తల దించుకుని విన్నాడు. “తప్పైంది అక్కా” అన్నాడు. మేడం నుంచి అక్కనయింది ఆ రోజే.

ఈలోగా క్లబ్బు కమిటీ కెవిన్‌ని పిలిపించింది. ఉద్యోగం ఊడుతుందని మేమంతా ఖాయం చేసుకున్నాం. వాళ్లు రెండు గంటలు మాట్లాడి, జట్టుకి శిక్షణ ఇవ్వడం మానేసి ఆఫీసు మాత్రమే చూసుకోమన్నారు. మైదానం గీత దాటి లోపలికి వెళ్లకూడదని ఆటగాడికి చెప్పడం చిన్న శిక్ష కాదు. ఆ రోజు భుజానికి వ్యాయామం చేయిస్తుంటే కళ్లు తుడుచుకున్నాడు, చెమట అన్నాడు. నేనూ చెమటే అని ఊరుకున్నాను.

కానీ ఆ మనిషి మొహం ముడుచుకుని మూల కూర్చోలేదు. ఆ నెలలోనే కమిటీ ముందు రెండు కొత్త నిబంధనలు పెట్టి ఒప్పించాడు. క్లబ్బులో పనిచేసేవాళ్లు ఎవరైనా, ఆడాలనుంటే వాళ్లనీ సభ్యులుగా రాసుకోవాలి, ఇన్సూరెన్సులో పేరుండాలి. దెబ్బ తగిలితే ఆట ఆపి, ఎలా తగిలిందో అక్కడికక్కడే రాయించాలి. రాయడానికి ప్రతి శుక్రవారం ఒక ఫిజియో గీత పక్కన కూర్చోవాలి. ఆ ఫిజియోని నేనే. ఎండలో గొడుగేసుకుని కూర్చుంటే అక్కడా అందరూ నన్ను ‘సిస్టర్’ అనే పిలిచారు.

పన్నెండో వారం చివర రాజమల్లుని పిడికిలి బిగించమన్నాను. నాలుగు కొనలూ అరచేతికి తగిలాయి. ఉంగరపు వేలు మిగతావాటికంటే కాస్త నిదానం, అంతే. అతను నవ్వాడు, నాకు ఏడుపొచ్చింది. మరుసటి వారమే కంపెనీ డాక్టరు ‘డ్యూటీకి ఫిట్’ అని రాసిచ్చాడు.

ఈ కేసు తర్వాత నేను హిస్టరీ తీసుకునే పద్ధతి మార్చుకున్నాను. ‘దెబ్బ ఎలా తగిలింది’ అన్నది ఇప్పుడు నా రెండో ప్రశ్న. నిజం చెబితే ఈ మనిషికి ఏం పోతుందన్నది మొదటిది, అది నన్ను నేనే వేసుకుంటాను. వెంట వచ్చినవాళ్లు ఎంత మంచివాళ్లయినా సరే, వాళ్ల ముందు ఆ జవాబు రాదు. పనిమనిషితో వచ్చిన యజమానురాలినైనా, డ్రైవరుతో వచ్చిన సూపర్‌వైజరునైనా, “టీ తాగి రండి” అని బయటికి పంపేస్తాను.

డ్యూటీలో చేరిన నెలకి రాజమల్లు తన రూమ్‌లో ఉండే ఇంకొకతన్ని తీసుకుని వచ్చాడు. అతను నడుం పట్టుకుని వంగి నడుస్తున్నాడు.

“ఏమైందయ్యా నీకు?” అన్నాను అతనితో.

“మెట్ల మీదికెల్లి జారి వడ్డడక్కా” అన్నాడు రాజమల్లు.

పెన్ను కింద పెట్టి రాజమల్లుకేసి చూశాను. ఒక్క క్షణం బిత్తరపోయాడు. తర్వాత విషయం తట్టి, పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. “నేను బయట కూసుంట అక్కా” అని లేచాడు. మా గది తలుపు స్ప్రింగు బాగా బిగుతు, ఎవరూ ఒక్క లాగుడుకి మూయలేరు. రాజమల్లు పిడిని కుడిచేత్తో పట్టుకుని గట్టిగా దగ్గరికి లాగాడు. తలుపు పడింది.

“ఇప్పుడు నువ్వు చెప్పు నాయనా” అన్నాను.